ఖాళీ డబ్బా చప్పుడు

హెడ్‌ఫోన్లలో ఆ సన్నటి రొద మొదలవగానే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. లేచి ల్యాబంతా తిరుగుతాను. వెలుగు పడిన వస్తువు చేసే చప్పుడది. ఇల్లందులో మాకు ఫిజిక్స్ చెప్పిన యూసుఫ్ సార్ దాన్ని నాకు మొదటిసారి వినిపించారు. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవారు. ఆ పనితనం సార్ చేతులకూ వచ్చింది. ఫ్యాను మోటారుకు చిల్లుల రేకు బిగించి, దీపం వెలుగు ఆగి ఆగి పడేలా చేసి, గాజుమూత ఉన్న చిన్న ఇత్తడి డబ్బాలోకి పంపేవారు. లోపల ఒక మైకు ఉండేది.

"వెలుగు పడ్డప్పుడల్లా వస్తువు వేడెక్కుతది, ఆగంగనే సల్లబడతది. దాంతోని డబ్బల గాలి ఉబ్బుతది, తగ్గుతది. గదే సప్పుడు. ఆ వస్తువుల వేడి ఎంత జల్దీ పారుతదో ఆ సప్పుడే చెప్తది" అన్నారు.

ఎండాకాలం మా రేకుల ఇంట్లో అమ్మ మధ్యాహ్నాలు కళ్లు తిరిగి పడిపోయేది. అందుకే మట్టిలో వరిపొట్టు కలిపి కాల్చిన ఇంటి పెంకులోంచి వేడి ఎంత నెమ్మదిగా దిగుతుందో కొలవాలనుకున్నాను. రెండు నెలలకు అంకెలు ముచ్చటగా వచ్చాయి. ఖమ్మంలో సైన్స్ పోటీ. గెలిస్తే పెద్ద పరిశోధనశాలలో సీటు. ముందురోజు సార్ వచ్చి, "డబ్బ ఖాళీగ పెట్టి చూసినవా?" అని అడిగారు.

చూడలేదు. పెంకుముక్క తీసేసి దీపం వేశాం. ఖాళీ డబ్బా కూడా మోగింది. గాజు లోపలివైపు అంటిన మసి వేడెక్కి చేస్తున్న చప్పుడది. అది కూడా కలిసిన నా అంకెలన్నీ తప్పు.

"ఇప్పుడేం చేస్తం సార్? రేపే గదా!"

"రేపు గిదే చెప్పు."

"చెప్తే సీటు పోతది సార్."

"ఈ లెక్క నమ్మి మీ అమ్మ ఇంటికి పెంకులు ఏయిస్తవా?"

మర్నాడు వేదిక మీద నా అంకెలు ఎందుకు తప్పో చెప్పాను. ఎవరో నవ్వారు. సీటు ఇంకొకరికి వెళ్లింది. తిరుగు బస్సులో సార్, "కోపమొచ్చిందా బిడ్డా?" అన్నారు.

"అవ్ సార్."

"రానీ. పొద్దుగాల గాజు తుడుద్దం."

తుడిచి మళ్లీ కొలిస్తే మామూలు పెంకుకూ నా పెంకుకూ తేడా కొంచెమే తేలింది. కానీ నిజమైనది. మరుసటేడు ఆ కొంచెమే చూపించి సీటు తెచ్చుకున్నాను. సార్ ఇప్పుడు లేరు.

మొన్న ఒక పెంకుల ఫ్యాక్టరీ యజమాని సర్టిఫికెట్ కోసం మా ల్యాబుకు వచ్చాడు. ఆయన పెంకుకు వచ్చిన అంకె మరీ బాగుంది. వారం ఆగమన్నాను. విసుక్కుంటూ వెళ్లిపోయాడు. మంచి పని చేశానన్న తృప్తి కూడా కలగలేదు. ఆయన మెట్లు దిగకముందే, ఖాళీగా పెట్టి వినడానికి డబ్బా మూత విప్పడం మొదలుపెట్టాను.