శిక్షణలో నేను కల్పించి చెప్పిన ఆమె

గద్వాలలో ఆ ఇంటి వాకిట్లో నాకు కుర్చీ వేశారు. లోపల మగ్గం చప్పుడు ఆగింది. ఏడేళ్ల పాప ఒకతె స్టీలు గ్లాసులో మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకుంటూ కిందికి చూశాను. పాప ఎడమ కాలికి వెండి పట్టీ ఉంది. కుడి కాలికి లేదు.

నాకు భయం మొదలైంది సరిగ్గా అక్కడే. మధ్యాహ్నం రెండు దాటింది, ఎండ ఫెళ్లున కాస్తోంది, ఎదురింట్లో రేడియో మోగుతోంది. భయపడడానికి అక్కడ ఏమీ లేదు. కానీ ఆ ఒంటి పట్టీని నేను మూడు నెలల ముందే హైదరాబాదులో నలుగురి ముందు చెప్పాను. లేని మనిషి గురించి, లేని పాప గురించి అల్లి చెప్పాను. నేను చెప్పిన దాంట్లో ఆ పాప బతికి లేదు.

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి పొయ్యి మీద పప్పు చూసుకునే రకం నేను. నాగర్‌కర్నూల్‌లో మా అమ్మ దీపాలు పెట్టే వేళ చెడ్డ మాట అననిచ్చేది కాదు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోటికొచ్చింది అంటే అట్లాగే కానీ అంటారు అనేది. జంతుశాస్త్రం చదివిన నేను నవ్వేదాన్ని. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పుడు నేను వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. ఈ ఊళ్లన్నీ మహబూబ్‌నగర్ జిల్లా కిందే ఉన్న రోజులు. బయటి నుంచి పరిశీలన బృందం వస్తుందని, పూర్వ విద్యార్థుల సంఘం ఉందా, వాళ్లు కాలేజీకి ఏమైనా చేస్తున్నారా అని అడుగుతారని ప్రిన్సిపాల్ గారికి బెంగ పట్టుకుంది. మా దగ్గర సంఘమంటే ఒక బోర్డు, ఒక రబ్బరు స్టాంపు. విశ్వవిద్యాలయం వాళ్లు అనుబంధ కాలేజీల కోసం మూడు రోజుల శిక్షణ పెట్టారు. పాత విద్యార్థులను ఎట్లా కలవాలి, విరాళం ఎట్లా అడగాలి అని. సీనియర్లెవరూ పోనన్నారు. నన్ను పంపారు. బాబుకు అయిదేళ్లు, పాపకు మూడేళ్లు. వాళ్లను అత్తమ్మకు అప్పగించి పోయాను. మూడు రోజులూ పూటకోసారి ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. మా ఇంట్లో నీళ్లు పట్టుకునే హౌజు ఉంది. నా భయమంతా దాని చుట్టే.

శిక్షణ ఇచ్చిన సారు మంచివాడు. అడగడం ఆఖరి పని అమ్మా, ముందు వినాలి, వచ్చాక విన్నది రాసి పెట్టుకోవాలి అనేవాడు. రెండో రోజు మమ్మల్ని జతలుగా విడదీశాడు. ఒకరు పాత విద్యార్థి, ఒకరు కాలేజీ మనిషి. పాత విద్యార్థిగా ఉన్నవాళ్లు ఎదుటివాళ్లను కష్టపెట్టాలి. అప్పుడే నేర్చుకుంటారట.

నా జత కల్వకుర్తి నుంచి వచ్చిన సంధ్య మేడం. గట్టి మనిషి. దేనికీ తడబడదు. నేను సుజాత అనే ఆమెనయ్యాను. గద్వాల అని ఎందుకన్నానంటే, చేనేత చీరలకు పేరున్న ఊరు కదా, నోటికి ముందు వచ్చింది. రెండో సంవత్సరంలో చదువు మానేసినట్టు, మగ్గం నేస్తున్నట్టు చెప్పాను. "నా పదో తరగతి మెమో మీ బీరువాలనే ఉంది, మూడుసార్లొస్తె క్లర్కు రేపు రా అన్నడు, ముందు అది తెచ్చియ్యండి" అన్నాను. సంధ్య మేడం తొణకలేదు. పిల్లలెంతమంది అని మెత్తగా అడిగింది. ఆమె ఓడిపోవాలి, అంతే నాకు. నాలుగేళ్ల పాప ఉండేది, ఇంటి ముందు నేలలో కట్టిన నీళ్ల సంపులో పడి పోయింది అన్నాను. అక్కడితో ఆగలేదు. మూత బండ విరిగితే రేకు కప్పామన్నాను. నల్లా నీళ్లు వచ్చి సంపు నిండిన రోజే అన్నాను. నీళ్లు తోడితే ఒక పట్టీ దొరికిందన్నాను.

సంధ్య మేడం కలం పక్కన పెట్టేసింది. కళ్లనిండా నీళ్లు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. తల్లినై ఉండి ఏం మాటలవి? ఆ రోజు ఇంటికి రెండుసార్లు ఎక్కువ ఫోన్ చేశాను.

తిరిగొచ్చాక నా మాటే నాకు పని చూపించింది. ఆఫీసు బీరువా తెరిపించాను. నిజంగానే చదువు మధ్యలో మానేసిన వాళ్ల మెమోలు దారంతో కట్టిన కట్టలో ఉన్నాయి, పదకొండు. చందా అడిగే ముందు ఇవి ఇంటికి తీసుకుపోయి ఇద్దామని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాను. వీపనగండ్ల వైపు ఇద్దరికి ఇచ్చాను. ఒకాయన సంతోషపడి కోడిని కోస్తానన్నాడు, వద్దని బతిమాలుకుని వచ్చాను. మూడోది గద్వాలది. పేరు రాధిక.

బస్సు దిగి అడుక్కుంటూ ఆ వీధికి చేరేదాకా శిక్షణలో అల్లిన పాప సంగతి నాకు గుర్తు కూడా లేదు. గద్వాలలో మగ్గాలుండడం వింత కాదు. పట్టీ చూశాకే తల తిప్పాను. గేటు పక్కన నల్లా గుంత, దాన్ని ఆనుకుని సంపు. దాని మీద సగం విరిగిన షాబాద్ బండ. మిగతా సగం మీద రేకు ముక్క.

నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టాను.

రాధిక అత్తగారు అరుగు మీద కండెలు చుడుతూ నన్ను తేరిపార చూసింది. "చందా కోసరమొచ్చిండ్రా? మా కోడలు గా కాలేజీల ఏడాదిన్నర గూడ సదవలే. సదివినోళ్లను అడుగుండ్రి."

నేను మెమో తీసి రాధికకిచ్చాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది, కళ్లకద్దుకుంది. "ఇది ఇంకా ఉన్నదా మేడం? పోయిందనుకున్న. రెండుసార్లొచ్చిన, రేపు రా అన్నరు. ఇగ పెండ్లాయె."

శిక్షణలో చెప్పినట్టు నేను వినాలి. కానీ నా చూపు పాప కాళ్ల మీదే ఉంది. పాప పేరు మౌనిక. రెండో తరగతి, ఒంటిపూట బడులు.

"పాపకు పట్టీ ఒకటే ఉందేంది?" అని అడిగాను.

"మొన్న ఐతారం నుంచి కనబడ్తలేదు మేడం. ఇల్లంత దేవులాడినం. బడిల పడేసినట్టుంది."

"సంపులో చూసిండ్రా?"

అత్తగారి చేతిలో రాట్నం ఆగింది. "కాలేజీ నుంచి వచ్చినమంటివి. సోది చెప్పనీకి వచ్చినవా బిడ్డా?"

మగ్గం గుంటలోంచి రాధిక మరిది శీను నవ్వాడు. "వదినా, మేడం తెచ్చిన మెమో సరిగ సూడు. మార్కుల కింద మన సంపు గిట్ల రాసుందేమో!"

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. లేచి బస్టాండుకు పోదామనుకున్నాను. వాళ్ల సంపు, వాళ్ల పిల్ల, నాకెందుకు? కానీ పోయాక ఎన్నడైనా ఆ కబురు వింటే? నేనే చెప్పిన కబురు? నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

"నాకూ ఇద్దరు పిల్లలున్నరమ్మా," అన్నాను అత్తగారితో. "ఒక్కసారి చూడుండ్రి. ఏం లేకుంటే నేను పోత."

నా గొంతు ఎట్లా ఉందో ఏమో, ఆమె నవ్వు తగ్గింది. "దిగు రా శీనూ. ఎట్లైన అడుగున మన్ను తియ్యాల్నంటివి గదా. నాలుగింటికి నల్లా రాకముందే దిగు. మేడం మనసన్న నిమ్మలపడ్తది."

ఆ రోజు నల్లా వచ్చే రోజు. అది నాకు అప్పుడే తెలిసింది.

రేకు తీస్తే లోపల నల్లగా ఉంది. రెండు రోజులు వాడుకున్నాక నీళ్లు తగ్గి మోకాళ్ల దాకే ఉన్నాయట. నిండితే శీను తల మీదికి వస్తాయని అత్తగారే చెప్పింది. శీను పాట పాడుకుంటూ దిగాడు. కాళ్లతో అడుగంతా తడిమాడు. పాట ఆగింది. కాసేపటికి చెయ్యి పైకి చాచాడు. అరచేతిలో బురదతో పట్టీ ఉంది.

రాధిక పాప రెక్క పట్టుకుంది. "ఇది అండ్ల ఎట్ల పడ్డదే?"

పాప నేల చూపులు చూసింది. "కాళ్లు ఆడిస్తుంటె ఊడింది."

"ఎన్నడు కూసున్నవే ఆడ?"

"రోజు. నువ్వు మగ్గం మీదున్నప్పుడు. రేకు జరిపి కూసుంట. సల్లగుంటది."

రాధిక పాప వీపు మీద ఒక్కటి వేసింది. పాప గుక్క పట్టేలోపే ఎత్తుకుని గుండెకు అదుముకుంది. ఏడేళ్ల పిల్ల కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. అత్తగారు నన్ను చూడలేదు. శీనుతో మాత్రం, "రేపు పొద్దుగాల బండ రావాలె, లేకుంటే నీకు బువ్వ లేదు" అంది.

నాలుగింటికి నల్లా వచ్చింది. పైపు వేసి సంపు నిండేదాకా నేను కూర్చునే ఉన్నాను. నా బస్సు పోయింది. మౌనిక నా పక్కనే కూర్చుని మామిడి ముక్కలు ఉప్పుకారం అద్దుకుని తింది. దాని భుజం మీద నా చెయ్యి ఉంది. ఏమీ జరగలేదు. నిండాక శీను రేకు మీద రోలు దొర్లించి పెట్టాడు. అప్పుడు లేచాను.

రాధిక వీధి మలుపు దాకా వచ్చింది. "మీకెట్ల తెలిసింది మేడం?"

"మా ఇంట్ల గూడ హౌజుంది. అందుకే అడిగిన" అన్నాను. ఆమె నమ్మలేదు. కానీ మళ్లీ అడగలేదు. నీ బిడ్డ చావును నేను పోటీ కోసం అల్లాను అని ఏ తల్లికి చెప్పను?

బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే కృష్ణను చూడలేక కళ్లు మూసుకున్నాను.

తర్వాత వారం సంధ్య మేడానికి ఫోన్ చేశాను. నేను చెబుతుంటే ఆమె రాసుకున్న కాగితం ఉందా అని. ఫైల్లోనే ఉంది. నేనేమీ చెప్పకుండా చదవమన్నాను. గద్వాల, మగ్గం, మెమో, విరిగిన బండ, రేకు, నల్లా రోజు, ఒక పట్టీ. అన్నీ ఉన్నాయి. కింద శిక్షణ సారు సంతకం, తేదీ.

కలవనివీ ఉన్నాయి. అవీ చెప్పాలి. పేరు కలవలేదు. నేను మూడుసార్లన్నాను, రాధిక రెండుసార్లే వచ్చింది. పాపకు నాలుగేళ్లన్నాను, మౌనికకు ఏడు.

మా ఆయన పద్ధతిగా ఆలోచించే మనిషి. ఆ మెమో నువ్వు ముందే ఎప్పుడో చూసి ఉంటావు అన్నాడు. బీరువా తాళం శిక్షణ తర్వాతే నా చేతికి వచ్చింది. చూశాననే అనుకున్నా, మెమోలో సంపు ఉండదు కదా. చిన్నప్పుడు చీరల కోసం ఆ వీధికి పోయావేమో అన్నాడు. అమ్మనడిగాను. మా పెళ్లి చీరలు కూడా వనపర్తి దుకాణంలోనే తీశారట. సంపులున్న ఇళ్లు వెయ్యి, విరిగిన బండలు వంద అన్నాడు. నిజమే. కానీ పట్టీ ఊడింది నేను పోవడానికి అయిదు రోజుల ముందు. కాగితం మీద అది ఉండి అప్పటికి మూడు నెలలు.

నన్ను తొలిచేది వేరే. జరగబోయేది నా నోట వచ్చిందా, నా నోట వచ్చినందుకు జరగబోయిందా? మొదటిదైతే ఆ రోజు నేను పోవడం మంచిదైంది. రెండోదైతే నేను పెట్టిన మంటను నేనే ఆర్పి వచ్చాను. ఎన్నిసార్లు ఆలోచించినా ఇటూ తేలదు, అటూ తేలదు. ఇప్పటికీ నాకు తెల్వదు. పరిశీలన బృందం వచ్చింది, పోయింది. మిగిలిన మెమోలు వాళ్ల వాళ్ల ఇళ్లకు చేర్చాను. ఆ సారు నేర్పినట్టు ప్రతిచోటా విన్నది రాసి పెట్టాను. గద్వాల కాగితం మీద మాత్రం "మెమో అందింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను.

ఇక గద్వాల నుంచి వచ్చిన మర్నాటి పొద్దు. నేను టీ వడగడుతున్నాను. పిల్లలిద్దరూ హౌజు గోడ పట్టుకుని మగ్గులతో నీళ్లు చిమ్ముకుంటున్నారు. "పడి చస్తరు!" అని ప్రతి రోజూ అరుస్తాను. అందరు తల్లులూ అరుస్తారు. ఆ మాట పళ్ల దాకా వచ్చింది. మింగేశాను. పోయి ఇద్దరి చేతులూ పట్టుకుని తెచ్చి గడప మీద కూర్చోబెట్టుకున్నాను.

"నిన్న గద్వాలల ఒక అక్కను చూసిన" అన్నాను.

"ఏం చేస్తది?" అన్నాడు బాబు.

"బడికి పోతది. మామిడికాయ ఉప్పుకారంతోని తింటది."

"తర్వాత?"

పాప కూడా నా మొహంలోకే చూస్తోంది.

"తర్వాత పెద్దగైతది" అని చెప్పాను.