ఎస్తేరమ్మగారి చిన్న కారు

మొన్న మధ్యాహ్నం మా ఆసుపత్రి గేటు ముందు ఒక బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగి, ఇంజను మూత తీసి నీళ్లు పోశాడు. కాగిన ఇనుము మీద నీళ్లు పడితే లేచే ఆవిరి, అందులో కలిసిన పెట్రోలు వాసన వరండాదాకా వచ్చాయి. చేతిలో ఉన్న గుడ్డల మూట బల్ల మీద పెట్టి అలాగే నిలబడిపోయాను. నాకు అది డాక్టరు ఎస్తేరమ్మగారి వాసన. ఆవిడ చీరల్ని ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. ఆవిడ కాలం చేసి చాలా ఏళ్లయింది.

నేను రాజమండ్రిలో నర్సుగా చేరేనాటికి ఆ చుట్టుపక్కల కారు చూసినవాళ్లే తక్కువ. ఎస్తేరమ్మగారు ఒక పాస్టరుగారి కూతురు. మద్రాసులో వైద్యం చదివి వచ్చారు. కాలవల పనిమీద ఉన్న దొర ఒకాయన ఇంగ్లండు సీమకు వెళ్లిపోతూ, తన చిన్న కారు ఆసుపత్రికి ఇచ్చి వెళ్లాడు. ఇద్దరు కూర్చుంటే నిండిపోయే బండి. నడిపేదీ, చెడితే బాగుచేసేదీ ఆవిడే. పక్కన మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను. ధవళేశ్వరం దాటి కాలవగట్టు ఎక్కగానే ఇంజను ఆయాసపడేది. నీళ్లు మరిగిపోయేవి. నేను చెంబు పట్టుకుని కాలవలోకి దిగేదాన్ని. ఆవిడ చీరకొంగు నడుముకి దోపి, మసి పట్టిన ప్లగ్గు విప్పి తుడిచేవారు. దారిన పోయే రైతులు ఆగి జాలిపడేవారు.

"దీనికంటే మా గిత్తలు నయమండి డాక్టరమ్మగారూ. నీళ్లడుగుతాయిగానీ ఇలా అలగవండి" అన్నాడొకాయన.

"మీ గిత్తల్ని ఇస్తే తీసుకుంటానండి. ఇస్తారా మరి?" అని ఆవిడ నవ్వారు. ఆయనా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఒకరోజు నాకే విసుగొచ్చి అడిగాను. "అమ్మగారూ, నమ్మకం లేని ఈ బండి మనకెందుకండీ? ఎప్పుడు ఆగుతుందో తెలీదు గదా."

"చెడని బండి వచ్చేదాకా కానుపులు ఆగవు గదా శాంతమ్మా" అన్నారు ఆవిడ, ప్లగ్గు బిగిస్తూనే.

ఆ వానాకాలం కడియం అవతల ఒక పల్లె నుంచి కబురొచ్చింది. లక్ష్మి అనే అమ్మాయికి తొలిచూలు. తెల్లవారుజామున మొదలైన నొప్పులు పొద్దెక్కినా తెమలలేదు. వెంటనే బయల్దేరాం. సగం దారిలో, కాలవగట్టు మీద ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఆవిడ దిగి ముందున్న హేండిలు తిప్పారు. ఆ బండికి స్టీరింగు చక్రం దగ్గర చిన్న మీట ఒకటి ఉండేది. దాన్ని వెనక్కి లాగకుండా హేండిలు తిప్పితే అది ఎదురుతన్నుతుంది. నాకు చాలాసార్లు చెప్పిన ఆ సంగతే, ఆ కంగారులో ఆవిడ మరిచిపోయారు. హేండిలు వెనక్కి తన్నింది. ఆవిడ కుడి మణికట్టు పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయారు.

పెట్టె సీటు మీద పడేసి పరుగున దిగాను. ఆవిడే అన్నారు, "విరిగింది. ఆ కంచెలో వెదురుబద్ద ఒకటి లాక్కురా. నా కొంగు చింపి కట్టు. గట్టిగా కట్టు, పరవాలేదు."

కట్టాను. ఆవిడ నుదుటిమీద చెమట కారుతోంది. వెనక్కి వెళ్దామన్నాను. ఆవిడ నావైపు చూడకుండా దారిలో వస్తున్న ఎడ్లబండిని ఎడమచేత్తో ఆపి, "కడియం అవతల పల్లెదాకా తీసుకెళ్తారాండీ?" అని అడిగారు.

"ఆయ్, ఎక్కండమ్మా" అన్నాడు బండాయన.

లక్ష్మి ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ ఎడమచేత్తో ఆ పిల్ల పొట్ట తడిమి చూశారు. నా చెవి దగ్గర మెల్లగా, "ఎదురుకాళ్లు. చేతులు కడుక్కో, నువ్వే చెయ్యాలి" అన్నారు.

అప్పటిదాకా నేను కానుపుల్లో వేడినీళ్లు అందించినదాన్నే. "నావల్ల కాదండి" అన్నాను. లక్ష్మి తల్లి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేనిక్కడే ఉన్నాను. చెప్పింది చెప్పినట్టు చెయ్యి" అని ఆవిడ లక్ష్మి తల దగ్గర పీట మీద కూర్చున్నారు. బిడ్డ కాళ్లు, నడుము కనిపించాయి. నాకు లాగెయ్యాలనిపించింది. నా మొహం చూసే ఆవిడకు తెలిసిపోయింది. "లాగకు. బిడ్డ బరువే బిడ్డని దించుతుంది. కింద చెయ్యి పట్టి ఉంచు, అంతే. మెడ వెనక జుట్టు కనపడాలి. అప్పుడు నిదానంగా పైకెత్తు." ఆ జుట్టు కోసమే చూస్తూ కింద చెయ్యి పట్టి ఉంచాను. తడిసి నల్లగా, వేలెడు వెడల్పున కనిపించింది. ఎత్తాను. మొహం బయటికొచ్చింది, తర్వాత తల. బిడ్డ కొంచెంసేపు నీలంగా ఉండిపోయింది. నోరు తుడిచి వీపు రుద్దమన్నారు. రుద్దాను. ఏడ్చింది, ఆడపిల్ల. లక్ష్మి తల్లి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎస్తేరమ్మగారు గోడకు చేరబడి కళ్లు మూసుకున్నారు. అప్పుడు చూశాను, ఆవిడ చెయ్యి మోచేతిదాకా వాచిపోయి ఉంది.

ఆ మణికట్టు సరిగ్గా అతకలేదు. కలం పట్టగలిగేవారుగానీ, సున్నితమైన పనికి వేళ్లు లొంగేవి కావు. అందరూ ఆ కారును తిట్టారు. ఆవిడ తిట్టలేదు. "మరిచింది నేను, దాన్నంటే ఏం లాభం" అని, నన్ను పక్కన కూర్చోబెట్టి నడపడం నేర్పించారు. ఆ తర్వాత కానుపులన్నీ నావే. ఆవిడ పీట వేసుకుని తల దగ్గర కూర్చునేవారు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలున్నారు. కష్టమైన కానుపులో వాళ్ల చేతులు తడబడితే నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్లబోతాయి. ఆరోజు ఎస్తేరమ్మగారికి ఎడమచెయ్యి బాగానే ఉంది. నన్ను పక్కకు జరిపి, ఎలాగో ఒకలా తానే బిడ్డని అందుకుని ఉండొచ్చు. అందుకోలేదు. కానుపు అయ్యేదాకా ఆ చేత్తో లక్ష్మి తల నిమురుతూ కూర్చున్నారు. అలా కూర్చోవడం ఎంత కష్టమో నేను పెద్దదాన్నయ్యాకగానీ తెలిసిరాలేదు. అందుకే పీట లాక్కుని తల్లి తల దగ్గర కూర్చుంటాను. "నేనిక్కడే ఉన్నానమ్మా" అంటాను, తల్లికీ, నేర్చుకునే అమ్మాయికీ, ఇద్దరికీ వినపడేలా.