గుంట పడని కాలు

మా ఉద్దానంలో కడుపునొప్పి అన్నా ముందు కాలే చూస్తారు. పలకరించడానికి వచ్చినవాళ్లు మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కుతారు. గుంట పడి అలాగే నిలిచిందంటే కిడ్నీ జబ్బు. మా ఊళ్లలో చాలామందిని తీసుకెళ్లింది అదే. నాకు కడుపునొప్పి మొదలైనప్పుడూ నొక్కారు, కానీ నా కాలి మీద నొక్కిన చోటు వెంటనే పైకి లేచేది.

"గుంట పడ్నేదు వదినా, భయం నేదు," అని అమ్మకి చెప్పి, మేనత్త టీ తాగి వెళ్లిపోయింది.

పలాసలో రక్తపరీక్ష కూడా అదే మాట చెప్పింది. అమ్మ పాయసం వండింది. ఆ సాయంత్రమే నా కడుపు ఉబ్బి గట్టిపడింది. తడి నేల మీద ఎవరో పీట ఈడుస్తున్నట్టు లోపలినుంచి చప్పుడు.

"ఏట్రా ఆ సప్పుడు? మంచం జరుపుతన్నావేటి?" పక్కగదిలోంచి అమ్మ.

నేను కదలకుండా పడుకుని ఉన్నాను. "నేను కాదే, లోపలోళ్లు ఇల్లు మారుతన్నారు."

అమ్మ నవ్వలేదు. చప్పుడు ఆగిపోయింది, మా మాటలు విన్నట్టు.

నెలల తరబడి అదే వరస. చిక్కిపోయి ప్యాంటుకి తాడు కట్టుకున్నాను. కిడ్నీలు బాగున్నాయి కనక ఊరంతా ధైర్యంగా ఉంది. చివరికి ఓ రోజు కడుపు బిగిసి, గాలి పోవడం కూడా మానేసింది. వాంతులు. టెక్కలి ఆసుపత్రిలో కడుపు కాస్త తేలిక చేసి శ్రీకాకుళం పంపారు. అక్కడ డాక్టరు కెమెరా గొట్టంతో పేగు లోపల చూశారు. తెర మీద ఎర్రటి సొరంగం, ఒకచోట తెల్లటి మచ్చ బిగిసి సూదిబెజ్జమంత దారి.

"చిన్నప్పుడు రక్తవిరేచనాలు అయ్యాయా?"

"బళ్లో ఎయ్యకముందు బాబూ. మందిత్తే తగ్గిపోనాయి," అంది అమ్మ.

"అమీబా అయ్యుంటుంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. అది చేసిన పుండు మానిన మచ్చే ఇన్నేళ్లూ బిగుస్తూ వచ్చింది."

అక్కడ ఏదో కదులుతుందని తెర వంక చూస్తూనే ఉన్నాను. ఏదీ కదల్లేదు. కదిలినా బాగుండేది, మందేసి చంపొచ్చు.

"ఆ ముక్క తీసెయ్యాలి. ఇంకోసారి మూసుకుంటే పేగు పగలొచ్చు."

"సచ్చిపోయిందానికి ఇప్పుడు కోతేటి బాబూ? కిడ్నీలు బాగున్నాయి గదా. ఇంటికెళ్లి ఆలోసించుకుంటాం." అమ్మ సంచీ అందుకుంది.

"తీయించేద్దామమ్మా," అన్నాను.

వెనకాల ఏదో జోకు వస్తుందని అమ్మ నా మొహం వంక చూసింది. రాలేదు. సంచీ కింద పెట్టింది.

"ఎప్పుడు రమ్మంటారు బాబూ?"

"ఎక్కడికీ వెళ్లకండి," అన్నారాయన.