జమ్ము పెరికేసిన చెరువు

నగరం శివార్లలో, కె.ఆర్.పురం అవతల మా ఇంటి వెనకే చెరువు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా మా అమ్మ తన ఒక్క ఆవును వదల్లేదు. రోజూ పాలు పిండి గట్టు మీదికి తోలుకుపోయేది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను.

మురుగు వచ్చి కలిసే మూలలో మనిషెత్తు జమ్ము గడ్డి ఉండేది. మురుగులోని భాస్వరం, నత్రజని ఆ జమ్ముకు తిండి. అది తిన్నంత తినేది, మిగిలింది వేళ్ల కింద బురదలో దిగి అక్కడే ఉండిపోయేది. పోయిన ఎండాకాలం కార్పొరేషన్ వాళ్లు చెరువును అందంగా చేస్తామని యంత్రాలు తెచ్చి జమ్మంతా పెరికేశారు. బురదను కెలికి, పని సగంలో వదిలి వెళ్లిపోయారు. కొన్నాళ్లకే నీళ్లు పచ్చగా, చిక్కగా తయారయ్యాయి. బురద ఏళ్ల తరబడి దాచుకున్నదంతా నీళ్లకు వదిలేస్తోంది. దాన్ని తిని నాచు పెరుగుతోంది. సంగతి తెలిసినదాన్ని కాబట్టి నాకు ఇంకా భయం.

ఒకరోజు వాన పడింది. మర్నాడు ఉదయం అమ్మ కేక విని పరుగెత్తాను. జమ్ము ఉండిన చోట ఆవు పొట్ట దాకా దిగబడిపోయింది. దాని కొమ్ము పట్టుకుని అమ్మ నడుము లోతులో ఉంది.

"రావద్దు అమ్మీ! ఈడ నేల లేదు!"

"ఆవును వదిలెయ్ అమ్మా, నువ్వు బయటికి రా!"

"వదిలితే సచ్చిపోతాది."

ఆవు కదిలినప్పుడల్లా బుడగలు లేస్తున్నాయి. కుళ్లిన గుడ్ల వాసన. అమ్మ చుట్టూ చేపలు నోళ్లు తెరిచి పైకి తేలుతున్నాయి. నీళ్లలో వాటికి గాలి అందడం లేదు. ఆ బుడగల్లోని విషవాయువు అమ్మ పీలుస్తోంది. అమ్మ తల వాలుతోంది. గొంతు చించుకుని అరిచాను.

పక్కన కడుతున్న బిల్డింగులోంచి కర్నూలు కూలీలు సెంట్రింగ్ చెక్కలు మోసుకొచ్చారు. బురద మీద పరిచి, వాటి మీద పాక్కుంటూ వెళ్లారు. "చెయ్యి ఇయ్యమ్మా, గట్టిగా పట్టుకో" అంటూ ముందు అమ్మను లాగారు, తర్వాత తాళ్లు కట్టి ఆవును. గట్టు మీద అమ్మ వాంతి చేసుకుని కళ్లు మూసేసింది. ఆసుపత్రిలో ఆమె నన్ను గుర్తుపట్టేదాకా ఆమె చెయ్యి నేను వదల్లేదు.

మర్నాటికి గట్టంతా చచ్చిన చేపలు తెల్లగా పరుచుకున్నాయి. అమ్మ కోలుకుంది. ఆవును ఆనేకల్‌లో పిన్నమ్మ ఇంటికి పంపించింది. "ఆడ గడ్డి ఉండాది" అంది, అంతే.

యంత్రాలు మళ్లీ వస్తాయని వీధిలో అంటున్నారు. వాన మొదలైతే మేమిద్దరం కిటికీలు మూసి, వాసన వస్తుందేమోనని చూస్తూ కూర్చుంటాం.