మంచులోకి ముందు నన్నే పంపారు

మంచు అందంగా ఉంటుందని ఎవరైనా నా ముందు అంటే ఒళ్లు మండుతుంది. జన్మలో ఒక్కసారే చూశాను దాన్ని, సౌదీలో, తబూక్ అవతలి కొండల్లో. ఆ ఒక్కసారికే కడుపు నిండింది.

కువైట్ యుద్ధం అయిపోయిన తర్వాతి చలికాలం అది. రోడ్డు పని. కొండ వాలున రేకుల గదుల్లో మా క్యాంపు. మా గదిలో అందరం కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లమే. మా మీద మేస్త్రి మా బావ, అంటే మా పెద్దక్క మొగుడు. వీసా ఇప్పించి నన్ను తీసుకెళ్లింది ఆయనే. ఆ సంగతి రోజుకు ఒక్కసారైనా గుర్తు చేయకపోతే ఆయనకు తిన్నది అరగదు.

అంతకుముందు మేం కువైట్ సరిహద్దులో, ఖఫ్జీ దగ్గర ఉండేవాళ్లం. యుద్ధమప్పుడు సైరన్ మోగితే ఆఫీసు వాళ్లు ముఖాలకు గ్యాస్ మాస్కులు తగిలించుకునేవారు. మమ్మల్ని మాత్రం తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకోమన్నారు. విషం గ్యాసులాగే రావాలని లేదు, పొడిలా కూడా రాలుతుందని ఎవడో చెప్పాడు. ఆ తర్వాత కువైట్‌లో నూనె బావులు తగలబడి, రోజుల తరబడి మా అన్నం పళ్లేల్లో మసి పడింది. ఆకాశం నుంచి రాలేది ఏదీ మంచిది కాదని మాకు అక్కడే తెలిసిపోయింది. ఆఫీసు వాళ్లు వదిలేసిపోయిన మాస్కు ఒకటి బావకు దొరికింది. దాన్ని పెట్టెలో బట్టల కింద దాచుకుని తబూక్ దాకా తెచ్చుకున్నాడు.

ఆ రోజు తెల్లవారుతుండగా బయటికి పోదామని లేచినవాడొకడు తలుపు తీసి కెవ్వుమన్నాడు. బయట నేల లేదు. రోడ్డు రోలరు లేదు, కంకర కుప్పల ఆనవాలు లేదు. అంతా తెల్లటి పొడి. ఇంకా సన్నగా రాలుతూనే ఉంది, చప్పుడు లేకుండా. మాలో మంచు చూసినవాడు ఒక్కడు లేడు. ఎడారి దేశంలో అది పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

"మల్ల లడాయి షురువైంది," అన్నాడొకడు.

అంతే, తలుపు ధడేలుమని మూశారు. కింద సందులో లుంగీలు కుక్కారు. బావ పెట్టె తెరిచి మాస్కు తగిలించుకున్నాడు. మిగతావాళ్లం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కాసేపటికి మాస్కులోంచి ఆయన గొంతు వచ్చింది, కుండలో తలపెట్టి మాట్లాడినట్టు.

"ఎవలన్న ఒక్కడు గేటు దాక పోయి హారిస్‌ను అడిగి రావాలె."

హారిస్ అంటే గేటు దగ్గర కాపలా ఉండే అరబ్బు ముసలాయన. ఎవరూ కదల్లేదు. బావ అందరి ముఖాలూ చూసి, నా దగ్గర ఆగాడు.

"నువ్వు పోరా. వీళ్లందరికి పిల్లలున్నరు. నీకింక పెండ్లి గాలె."

"మాస్కియ్యి, పోత," అన్నాను.

"గిది నా మూతికి బిగిచ్చుకున్న. నీకు లూజైతది."

ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నవ్వూ వస్తుంది, చెంప పగలగొట్టాలనీ అనిపిస్తుంది. ఒక్కడంటే ఒక్కడు 'వాణ్ణెందుకు పంపుడు' అనలేదు. నాతో కలిసి ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు! ఒకడు తువ్వాలు తడిపి తెచ్చి నా ముక్కుకు కట్టాడు, ఎంతో సేవ చేస్తున్నట్టు. పోచమ్మ ముందు కోయబోయే యాటపోతు మీద నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా కళ్లార్పకుండా చూస్తారే, అలా చూశారు నన్ను.

గడప దాటగానే వెనక గడియ పడింది. మళ్లీ లుంగీలు కుక్కుతున్న చప్పుడు కూడా వినిపించింది.

కాళ్లకు రబ్బరు చెప్పులు. మొదటి అడుగుకే పాదం చీలమండ దాకా దిగిపోయింది. చల్లగా ఉందో కాలుతోందో తెలియలేదు. మండుతోంది కాబట్టి విషమే అనుకున్నాను. ఊపిరి బిగబట్టి నడిచాను. మనిషి ఎంతసేపని బిగబడతాడు? వదిలేశాను. తడి తువ్వాలు ముక్కు మీద అట్టలా బిగుసుకుపోయింది. అమ్మను తలచుకోలేదు, దేవుణ్ణీ తలచుకోలేదు. బావనే తలచుకున్నాను. నేను పోతే పోయాను గానీ, ఆ రేకుల గది నాకంటే ముందు తగలబడాలని మనసారా శపించాను.

కొంతదూరం పోయాక పిల్లి అడుగులు కనిపించాయి. మేం మిగిలిన అన్నం పడేస్తే తినే పిల్లి. ఎక్కడ చచ్చి పడుందో చూద్దామని ఆ అడుగుల వెంటే నడిచాను. అవి కంకర కుప్ప ఎక్కి దిగాయి, నీళ్ల ట్యాంకరు చుట్టూ తిరిగాయి, తిన్నగా హారిస్ గదికి వెళ్లాయి. గది ముందు రేకు చూరు కింద పొయ్యి మండుతోంది. దాని పక్కన పిల్లి ముడుచుకుని పడుకుంది. ముసలాయన ఆ తెల్లపొడిని దోసిళ్లతో ఎత్తి టీ కెటిల్‌లో వేస్తున్నాడు.

నన్ను చూసి, మిగిలిన నాలుగు పళ్లూ కనబడేలా నవ్వాడు. "తల్జ్! తల్జ్!" అన్నాడు. ఎండాకాలం నీళ్ల డ్రమ్ములో వేసే ఐసును మేమూ తల్జ్ అనే అనేవాళ్లం. ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టాడు. నాలుక మీద వేసుకున్నాను. ఐసే. నాకు ఏడుపొచ్చింది.

కూర్చోమన్నా కూర్చోకుండా వెనక్కి పరిగెత్తి తలుపు బాదాను. "ఐసు! ఉత్త ఐసు! తలుపు తియ్యుండ్రి!"

లోపల గుసగుసలు. తర్వాత బావ గొంతు. "ఆడనే నిలవడు. జెరసేపు సూస్తం. ఏం గాకపోతె తీస్తం."

"కాళ్లు కొయ్యబారుతున్నయ్ బావా!"

"గదే సూస్తున్నం."

గ్యాసు భయం పోయింది, నిజంగా చచ్చే పని ఇప్పుడు వచ్చింది. పాదాల్లో స్పర్శ పోయింది. తలుపును తన్నాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఆయన తల్లిని, అంటే మా అక్క అత్తను కూడా వదల్లేదు. కిటికీలోంచి మాస్కు గాజుకళ్లు నన్నే చూస్తున్నాయి. చివరికి ఆ ముసలాయనే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. మా గది వైపు చూసి "కుల్లు మజ్నూన్" అని ఉమ్మేశాడు, అందరూ పిచ్చోళ్లని. గొర్రెతోలు కోటులో నా పాదాలు చుట్టి, ఒళ్లో పెట్టుకుని రుద్దాడు. అది పిచ్చి కాదని చెప్పేంత అరబ్బీ నాకు రాదు.

పొద్దెక్కింది. నేను చావలేదని తేలాక ఒక్కొక్కడే బయటికొచ్చాడు. కాసేపటికి ఒకరి మీద ఒకరు మంచు విసురుకుంటూ చిన్నపిల్లల్లా గంతులేశారు. బావ కూడా ఒక ముద్ద చేసుకుని నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు.

"నేను సచ్చిపోతె అక్కకేం జెప్తుంటివి?" అని అడిగాను.

నవ్వు ఆగిపోయింది. ముద్ద కింద పడేసి, పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు సస్తె మీ అక్క ఏడుస్తది. ఏడ్సి, పిల్లల మొకం జూసి లేస్తది. నేను సస్తె లేస్తదారా? నువ్వే జెప్పు."

అక్క నాకు కళ్లముందు కనబడింది, చంకలో చిన్నది, కొంగు పట్టుకుని ఇద్దరు. లేవదు. ఆ సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు.

భయపడ్డానురా అని ఉంటే, అబద్ధమైనా సరే ఏదో ఒకటి చెప్పి ఉంటే, ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక అక్క నా రెండు చేతులూ పట్టుకుని, బావతో ఎందుకు మాట్లాడవురా అని ఎన్నిసార్లు అడిగిందో. ఏమని చెప్పను? నన్ను చావడానికి పంపింది నీ కోసమేనక్కా అని చెప్పనా?