డీలక్స్‌కు ముందే చెప్పాల

రత్నమణక్క ఏ పనీ ముందు చెప్పకుండా చేయదు. ఆమెలో ఉన్న విశేషం ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో మామూలు మనిషే.

కడప బస్టాండులో ఇరవై ఎనిమిదేళ్ళు మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పింది. రిటైరైన రోజు శాలువా కప్పి మైకు తీసేసుకున్నారు. గొంతు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. వాళ్ళ మేడ మీది వాటాలో నేను అద్దెకు దిగి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో నాకు తెలియకుండా కింద కుక్కర్ కూడా కూత పెట్టలేదు. కూత వస్తుందన్న మాట ముందు వినపడుతుంది, ఆ తర్వాత కూత. మోటరు ఆపేముందు చెబుతుంది. వీధి తలుపు వేసేముందు చెబుతుంది. తుమ్ము వస్తుంటే, అది వచ్చేలోపల వీలైనంత చెబుతుంది.

ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివే కదక్కా, ఎవరికి చెబుతావు అని ఒకసారి అడిగాను.

"చెప్పకుండా చేసేది మోసం, హనుమేషప్పా" అంది. "బద్వేలు బస్సు ఆరో నంబరుకు వస్తాదని తెలీక నాలుగో నంబరు కాడ నిలబడినోళ్ళు మూటలెత్తుకోని ఉరకాల. ఒకరిని ఉరికిచ్చేది పాపం. అయినా నేనొక్కదాన్నే యాడుండా? డీలక్స్ లేదా?"

డీలక్స్ అంటే కుక్క. బస్టాండులో ఆగి ఉన్న డీలక్స్ బస్సు కింద కళ్ళు తెరవని పిల్లగా దొరికింది. పేరు కోసం ఆమె ఎక్కువ వెతకలేదు. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. గోధుమరంగు వీధికుక్క, ఒక చెవి నిలబడుతుంది, ఒకటి నిలబడదు. ఆమె చెప్పేదంతా నిలబడిన చెవితో వింటుంది.

ఈ ఎండాకాలం డీలక్స్ నాలుగు రోజులు సరిగా తినలేదు. నా స్కూటర్ మీద పశువుల డాక్టర్ శివాని దగ్గరికి తీసుకుపోయాము. ఆమె పొట్ట తడిమి, స్కానింగ్ చేసి, గర్భసంచి మంచిగా లేదని చెప్పింది. పది రోజులు మందులు వాడి, ఆ తర్వాత ఆపరేషన్ చేసి తీసేయాలని, వదిలేస్తే లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని అంది. రత్నమణక్క అంతా విని, అయితే దానికి చెప్పాలి కదా అంది. కుక్కకు చెప్పాల్సిన పని లేదు, తీసుకొస్తే చాలు అంది డాక్టరమ్మ.

"తీసుకొస్తా. చెప్పి తీసుకొస్తా" అంది రత్నమణక్క.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. రోజూ ఐదింటికి పెరట్లో గోడ వారగా కుర్చీ వేసుకుని, డీలక్స్‌ను ఎదురుగా కూర్చోబెట్టేది. గోడకు అవతల హుసేనమ్మ ఇల్లు. పొద్దున ఇంటిముందు ఉగ్గాని, బజ్జీలు వేసి అమ్ముతుంది. సాయంత్రం పెరట్లో కూర్చుని మరుసటి రోజుకు మిరపకాయలు చీల్చుకుంటుంది. యాభై దాటిన మనిషి. వీధిలో ఆమె నోటికి ఎదురుచెప్పేవాళ్ళు లేరు.

"డీలక్స్, బాగా విను" అని రత్నమణక్క బస్టాండు గొంతుతో అందుకుంది. "వచ్చే బుధవారం పొద్దున నీకు ఆపరేషన్. మంగళవారం రాత్రి ఎనిమిది దాటినాక అన్నం పెట్టను. అది నీ మీద కోపంతో కాదు. కడుపులో అన్నముంటే మత్తులో వాంతి వచ్చి ఊపిరికి అడ్డం పడతాది. అందుకని పెట్టను."

ఇదే మూడుసార్లు చెప్పింది. డీలక్స్ చెవి గోక్కుంది.

"ఆ కుక్కకు అంత తెలుగు వస్తాదా?" అని గోడ అవతల నుంచి హుసేనమ్మ అడిగింది.

"వినపడతాది" అంది రత్నమణక్క.

రెండో రోజు నుంచి హుసేనమ్మ వెటకారానికని ఒక్కో ప్రశ్న విసిరేది. మత్తు సూది వేసినాక కోస్తుంటే తెలుస్తాదేమో కనుక్కో, పాపం మూగజీవి అనేది. రత్నమణక్క బుద్ధిగా చీటీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుని, మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయేది. జవాబు తెచ్చి సాయంత్రం ఐదింటికి డీలక్స్‌కు చెప్పేది. ఏమీ తెలియదు, నిద్రపోయినట్టే ఉంటుంది, గుండె ఎట్లా కొట్టుకుంటున్నదో పక్కన ఒకరు చూస్తూనే ఉంటారు. మిరపకాయలు చీల్చే చప్పుడు ఆ కాసేపు ఆగేది.

డాక్టర్ శివాని శాంతమైన మనిషి. ముందుగా రక్తపరీక్ష ఎందుకు, పొట్ట మీద వెంట్రుకలు ఎందుకు గొరగాలి, కుట్లు ఎన్నాళ్ళకు తీస్తారు, అన్నిటికీ ఓపికగా చెప్పింది. ఆపరేషన్‌కు ముందురోజే స్నానం చేయించమంది, కుట్లు తీసేదాకా మళ్ళీ నీళ్ళు పోయకూడదు కాబట్టి. నాలుగో రోజు చీటీలో, మత్తులో ఉండగా నోరు జారి ఇంట్లో సంగతులు ఏమైనా బయటపెడుతుందా అని ఉంది. డాక్టరమ్మ చీటీ వైపు చూసింది, డీలక్స్ వైపు చూసింది, బయటపెట్టదని చెప్పింది. ఐదో రోజు చీటీలో, ఎన్నాళ్ళకు పొయ్యి ముందర నిలబడొచ్చు అని ఉంది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "వీళ్ళింట్లో వంట ఎవరు చేస్తారండీ?" అని అడిగింది.

నాకు రత్నమణక్క మీద దిగులు పట్టుకుంది. ఆ మరుసటి రోజు మా మామకు బీపీ మాత్రల కోసం పెద్దాసుపత్రికి పోతే, ఆడవాళ్ళ ఓపీ వరసలో ఆమె నిలబడి కనిపించింది. ఆరోగ్యం బాగాలేదా అక్కా అన్నాను. నేను బాగానే ఉండా, ఈడ డాక్టరమ్మను రెండు మాటలు అడగాల అంది. చేతిలో అదే చీటీ. మనిషి కాస్త అటూ ఇటూ అవుతున్నదేమోనని ఆ రోజంతా అనుకున్నాను.

బుధవారం వచ్చింది. వాసన తగిలి డీలక్స్ ఆశపడుతుందని రత్నమణక్క పొయ్యి వెలిగించలేదు. వెలిగించడం లేదని ముందే చెప్పింది. తానూ ఏమీ తినలేదు. ఆసుపత్రిలో ఒప్పుకోలు కాగితం ఇస్తే, కళ్ళజోడు తేలేదని నా చేత చదివించుకుని, సంతకం పెట్టే ముందు ఒక్కో వాక్యం డీలక్స్‌కు వినిపించింది. ప్రాణాపాయం జరగొచ్చు అన్న వాక్యం దగ్గర గొంతు కొద్దిగా తడబడింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గొంతు తడబడిందని ఎవరూ అనగా నేను వినలేదు. అయినా ఆ వాక్యం వదిలిపెట్టలేదు. ముంగాలికి సూది గుచ్చేటప్పుడు, ఇప్పుడు గుచ్చుతారు, తర్వాత నిద్రొస్తాది, నేను బయట బల్ల మీద కూర్చోని ఉంటా అని డీలక్స్ కళ్ళు మూతపడేదాకా చెబుతూనే ఉంది. వరండాలో దూడతో వచ్చిన రైతు ఒకడు, తన దూడకు కూడా రెండు మాటలు చెప్పమని అడిగాడు.

రెండు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి బాగా జరిగిందంది. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చాము. కుట్లు నాకకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ డొప్ప కట్టారు. దానితో డీలక్స్ పాత గ్రామఫోన్ లాగా ఉంది. కాళ్ళు తేలిపోతున్నాయి, సన్నగా మూలుగుతోంది. మత్తు దిగేటప్పుడు మూలుగుతుందని, వణుకుతుందని, ఆ రోజు కొద్దిగానే తింటుందని, కంగారుపడొద్దని డాక్టరమ్మ మాకు ముందే చెప్పింది. రత్నమణక్క అవన్నీ గోడ వైపు తిరిగి ఒకసారి చెప్పింది.

అప్పుడు హుసేనమ్మ వచ్చింది. నేను అద్దెకు దిగినప్పటి నుంచీ ఆమె ఆ గేటు దాటి రావడం చూడలేదు. వచ్చి, డీలక్స్ ముందు గొంతుక్కూర్చుంది. వెటకారం ఆడలేదు, దాని పొట్ట లేచి పడేదే చూస్తూ ఉంది. అరగంటకు డీలక్స్ కళ్ళు పూర్తిగా తెరిచి, తోక ఒకసారి నేలకేసి కొట్టింది. హుసేనమ్మ ఇంకో నిమిషం ఉండి, లేచి వెళ్ళిపోయింది.

డీలక్స్‌ను పన్నెండు రోజులు మెట్లెక్కనీయలేదు, ఉరకనీయలేదు. పన్నెండో రోజు కుట్లు తీశారు. ఆ మరుసటి పొద్దున ఉగ్గాని కోసం పోతే హుసేనమ్మ అంగడి మూసి ఉంది. ఆమె కూతురు షమీమ్ బద్వేలు నుంచి వచ్చి, ఒక సంచితో వాకిట్లో ఆటో కోసం చూస్తోంది. ఏమయిందమ్మా అంటే గొంతు తగ్గించి చెప్పింది.

హుసేనమ్మకు గర్భసంచిలో గడ్డలున్నాయని, తీసేయాలని డాక్టర్లు చెప్పి రెండేళ్ళయింది. రెండుసార్లు ఆసుపత్రి గేటు దాకా పోయి తిరిగొచ్చింది. మొదటిసారి పొయ్యి మీద నూనె పెట్టి మరిచినానంది. రెండోసారి సాకు కూడా చెప్పలేదు. మత్తిస్తే మళ్ళీ లేవనని భయం. ఆ మాట ఇంట్లో ఎత్తితే అరుస్తుంది. నెలనెలా రక్తం పోయి పోయి ఒంట్లో సగం కూడా మిగల్లేదని, ఇంకా ఆలస్యం చేస్తే మనిషి దక్కడం కష్టమని పోయిన నెల డాక్టరు గట్టిగా చెప్పింది.

"నిన్న అమ్మే ఫోన్ చేసిందన్నా. రా, పోదాం అనింది" అంది షమీమ్. ఆమెకే ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.

ఈసారి హుసేనమ్మ ఆసుపత్రి గేటు దాటింది. ముందు రెండు రోజులు రక్తం ఎక్కించారు. ఆపరేషన్ రోజు నేనూ రత్నమణక్కా పోయాము. నర్సు అడగకముందే హుసేనమ్మ అన్నీ అప్పజెప్పింది. రాత్రి నుంచి ఏమీ తినలేదు, నిన్ననే స్నానం చేసినాను, గాజులు తీసేసినాను, సూది వేస్తే నిద్రొస్తాదని తెలుసు. ఇంత తెలిసిన పేషెంటును నేను చూడలేదు అంది నర్సు. తర్వాత హుసేనమ్మ, మెడకు కట్టే డొప్ప ఇప్పుడే కడతారా, అయినాక కడతారా అని అడిగింది. అది కుక్కలకమ్మా అంది నర్సు.

హుసేనమ్మ రత్నమణక్క వైపు చూసింది. "ఆ సంగతి నువ్వు చెప్పలే" అని లోపలికి పోయింది.

బల్ల మీద కూర్చున్నాక, నీకెట్లా తెలిసిందక్కా అని అడిగాను.

"పొయ్యి ముందర నిలబడే కుక్క యాడుండాదప్పా?" అంది. నేరుగా పోయి చెబితే ఆమె తలుపేసుకుంటుందని, కుక్కకు చెబితే అడ్డం లేదని అంది. కుక్క సంగతులు మనిషికి చెబితే తప్పు కదా, అందుకే పెద్దాసుపత్రి వరసలో నిలబడి అడిగొచ్చానంది. "బస్టాండులో నేను ఎవురినీ పేరు పెట్టి పిలవలేదు. ఎవురి బస్సు వాళ్ళకు తెలిసేది."

హుసేనమ్మ క్షేమంగా ఇంటికి వచ్చింది. నెలన్నర పొయ్యి జోలికి పోవద్దన్నారు. అంగడి షమీమ్ చూసుకుంటోంది. బజ్జీలు తల్లి చేతివంత బాగుండవు, కానీ ఎవరూ ఆ మాట అనడం లేదు. డీలక్స్ సాయంత్రాలు గేటు దాటి, చుట్టూ తిరిగి హుసేనమ్మ మంచం దగ్గరికి పోతుంది.

మొన్న ఐదింటికి నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. గోడ అవతల నుంచి హుసేనమ్మ గొంతు వినపడింది. కొంచెం నీరసంగా ఉంది, కానీ ఇవతలికి బాగానే వినపడుతోంది.

"ఏమే డీలక్సూ, ఇట్లా కూర్చో. ఒక మాట చెప్తా విను. మన వీధిలో ఒకామెకు రెండు కండ్లకూ పొరలొచ్చి మూడేండ్లయింది. పాలప్యాకెట్టు మీద తేదీ గూడ కనపడదు. కనపడినట్టు నటిస్తాది. నేను ఆసుపత్రిలో కనుక్కున్నా. పొర తీసేది అరగంట పని. మత్తు సూది ఉండదంట, చుక్కలేస్తారంట. పొద్దున పోతే మాపటికి ఇంటికొస్తారు."

కిందికి చూశాను. రత్నమణక్క కొత్తిమీర ఒలుస్తోంది. చేతులు ఆగిపోయాయి.

"డీలక్సూ" అంది చివరికి, బస్టాండు గొంతుతో కాదు, మామూలు గొంతుతో. "ఆ చుక్కలు మంట పుడతాయేమో కనుక్కో."