కడపలో ఇచ్చేసిన పిస్టన్

నాయన బండికి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. ఆ బండి తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నాయన పోయాక తొమ్మిదేళ్లు అది కర్నూల్లో మా ఇంటి వెనక రేకుల కింద, గోనెపట్టా కప్పుకుని పడి ఉంది. పోయినేడు ఒక ఆదివారం పట్టా తీసి కిక్కు కొట్టబోతే రాడ్డు కదల్లేదు. లోపల పిస్టన్ సిలిండరుకు పట్టేసింది.

బండెక్కి తిరగాలని నాకేం మోజు లేదు. ఆఫీసుకు పోవడానికి స్కూటరుంది. నాకు కావలసింది ఆ బండి చప్పుడు. వీధి మలుపు నుంచి టకటకా కొట్టుకుంటూ వచ్చే చప్పుడు. నాయన గొంతు రికార్డు చేసి దాచుకుందామన్న తెలివి మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆయన అన్న మాటలు గుర్తున్నాయి కానీ గొంతు ఏడాదికేడాది చెవిలోంచి జారిపోతోంది. కనీసం ఈ చప్పుడైనా దక్కించుకోవాలని పట్టుబట్టాను. అమ్మ మాత్రం ఇనుముకు మందు పోయించే పిచ్చి నీకొక్కదానికే ఉందని విసుక్కుంది.

మా పేట మెకానిక్ బండిని తన షెడ్డుకు తోలించుకుని, రెండు రోజులు ఆయిలు పోసి నానబెట్టి, పిస్టన్ను బయటికి తీశాడు. దాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వాడు. "ఇది ఈ బండిది కాదమ్మా. ఇంకేదో బండిది తెచ్చి, లేత్‌లో తరిగి కూర్చోబెట్టినారు. అసలుది తెస్తే చెప్పు, బండి లేస్తాది."

నాకూ నవ్వొచ్చింది. కొత్తది కొనడమంటే నాయనకు ఓడిపోవడం కిందే లెక్క. మా ఇంట్లో మిక్సీ మూత దగ్గర్నుంచి తలుపు గొళ్లెం దాకా అన్నీ ఇంకెక్కడివో తెచ్చి అతికించినవే.

వెదకడం మొదలుపెట్టాక కర్నూలు గుజిరీ అంగళ్లన్నీ నాకు కొట్టినపిండి అయ్యాయి. పాత ఇనుము కుప్పల మధ్యకు ఆడమనిషి పోతే ముందు కుర్చీ వేస్తారు, తర్వాత జవాబు ఎగ్గొడతారు. "మీ ఆయన్ను పంపమ్మా, ఆయనకు చెప్తాం" అన్నాడొకాయన. "బండి మా నాయనది. ఆయన లేడన్నా, బండే ఉండాది" అన్నాను. ఆ తర్వాత బుద్ధిగా మూడు గోతాలు కుమ్మరించి చూపించాడు. ఒక్కటీ సరిపోలేదు.

నందికొట్కూరు దగ్గర ఒక రైతు కొట్టంలో అచ్చం మా బండిలాంటిదే ఉందని తెలిసి బస్సెక్కాను. సీటు మీద కోళ్లు పడుకుంటున్నాయి. పిస్టన్ ఒక్కటి ఇమ్మని అడిగితే ఆ రైతు కోళ్లను తోలి, సీటును కండువాతో తుడిచాడు. "మా నాయనదిమ్మా. నడవకపోయినా ఉండనీ." ఇంక నేనేం అడగగలను? మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను. సగం దారి దాకా ఆయన మీద కోపంగానే ఉంది.

చివరికి కడపలో దొరికింది. ఒక సందులో, డబ్బాలు పేర్చిన చిన్న అంగట్లో, ఆయిలు కాగితంలో చుట్టిన అసలు పిస్టన్. అంగడి ముసలాయన "ఉండాది" అన్నప్పుడు అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. అయితే ఆయన దాన్ని నా చేతికివ్వలేదు. "పాతది తెచ్చినావా?" అన్నాడు.

అది ఆయన పద్ధతట. బండి లేనివాళ్లు ఇలాంటివి కొని దాచి, అవసరమున్నవాళ్లను ఏడిపిస్తున్నారట. అందుకని అరిగిన ముక్క తెచ్చి ఇచ్చినవాళ్లకే కొత్తది ఇస్తాడు. ఆ పాతది మళ్లీ ఏ బండిలోనూ చేరకుండా అక్కడికక్కడే పగలగొడతాడు. మరో ఆదివారం పాత పిస్టన్ను గుడ్డలో చుట్టి, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని మళ్లీ కడప పోయాను.

ముసలాయన దాని అంచుల మీద బొటనవేలు నడిపించాడు. "ఎవురో శానా ఓపికగా తరిగినారే" అన్నాడు.

"మా నాయన చేయించినాడు" అన్నాను, కొంచెం సిగ్గుగా.

"ఇచ్చేస్తాండావా మరి?"

"ఇచ్చేస్తాండా."

ఇనప దిమ్మె మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మూడు ముక్కలైంది. నేను ఆ ముక్కల వైపు చూడనైనా లేదు. కొత్తదాని నిగనిగ చూసుకుంటూ ఆయనిచ్చిన టీ తాగాను.

కొత్త పిస్టన్ వేశాక మూడో కిక్కుకు బండి లేచింది. మెకానిక్ ముఖం వెలిగిపోయింది. నేను చెవి ఒగ్గి నిలబడ్డాను. ఇంజిన్ మెత్తగా, ఒకే తీరున ఆడుతోంది. ఇంకాసేపు చూశాను. వేడెక్కితే వస్తుందేమో అనుకున్నాను.

"టకటకమని కొట్టుకునేది కదన్నా, అది రాలేదే?"

"అది జబ్బమ్మా. వదులు పిస్టన్ గోడలకు తగులుకునే చప్పుడు. ఇప్పుడు సరింగా కూసుండాది, ఇంక యాడ వస్తాది?" అన్నాడు, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

మెచ్చుకున్నాను. పాపం, ఆయన తప్పేముంది? అడిగిన పని చక్కగా చేశాడు. తెలివి తక్కువ పని చేసింది నేను. నాయన చప్పుడు ఆ ముక్కలోనే ఉందని తెలియక, చేజేతులా తీసుకుపోయి సుత్తి కింద పెట్టించాను. మళ్లీ తరిగిస్తే వస్తుందా అని అడగాలనిపించింది కానీ, ఎంత తరగాలో తెలిసిన మనిషి లేడు.

బండి నడుపుకుంటూ ఇంటికొచ్చాను. మలుపు తిరిగేటప్పుడు కూడా ఆశ చావలేదు. వాకిలి ముందు ఆపి, ఇంజిన్ అలాగే ఆడనిచ్చాను. అమ్మ వంటింట్లో ఉంది. బయటికి రాకుండానే కేకేసింది.

"ఎవురప్పా అది? ఇంట్లో ఎవురూ లేరు."

ఇంజిన్ ఆపేశాను. "నేనేమ్మా" అని, బండిని వెనక రేకుల కిందికి తోసుకుపోయాను.